మూలకోత రంపములు: వెల ఎంత? విలువ ఎంత?

గోడకు వ్రేలాడు పటమును మనము దినమునకు పదిమార్లు చూతుము. చూచునది లోని బొమ్మనే గాని, దాని చుట్టునుండు చట్రపు మూలలను కాదు. మూలలు చక్కగా అతికియున్నంతకాలము అవి ఉన్నట్లే మనకు తోచదు. ఒక్క మూల విచ్చుకొని సన్నని నల్లని సందు కనబడెనా, ఆనాటినుండి కన్ను బొమ్మను విడిచి నేరుగా ఆ సందుమీదికే పోవును. తలుపు చుట్టు వేయు పట్టీలు, బీరువా అద్దపు చట్రము, పూజామందిరపు అంచు, బల్ల చుట్టు కొట్టు సన్నని చెక్క, వీని అన్నిటి సొంపును ఆ మూలలయందే ఉన్నది.

ఇట్టి మూలలో రెండు చెక్కలును వాలుగా కోయబడి ఒకదానినొకటి ఎదుర్కొనును. ఒక్కొక్కటి 45 డిగ్రీలు. రెండును కలిసి 90 డిగ్రీలు. దీనిని మైటర్ కోత అందురు. ఈ ప్రసంగములో మూలకోత అని పిలుచుకొందము. ఈ కోతకై అమ్ముడుపోవు సాధనముల వెలలు చూచినచో ఎవరికైనను ఆశ్చర్యము కలుగును. అయిదారు వందల రూపాయలకు ఒకటి దొరకును. అర లక్ష చెల్లించినగాని రానిది మరియొకటి. రెండును చేయు పని అదే 45 డిగ్రీల కోత. అట్లయినచో ఎవరు దేనిని కొనవలెను? ఈ ప్రశ్నకు మా సమాధానము ఒక్కమాటలో ఇది: సంవత్సరమునకు ఎన్ని మూలలు కోయుదురో లెక్కించుకొని కొనుడు, వెలను తగ్గించుకొనుటకై వ్రేళ్లను పణముగా పెట్టకుడు. ఈ మాటను వివరించుటయే మా ఉద్దేశము.

మొదట కోతలోని చిక్కును తెలిసికొనవలెను. నాలుగు మూలల చట్రమునకు కోతలు నాలుగు కావు, ఎనిమిది. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పు జరిగినదనుకొందము. అర డిగ్రీ కంటికి ఆనదు. కాని ఎనిమిది కోతలలోను తప్పు ఒకే వైపునకు జరిగినచో, అది కూడి 4 డిగ్రీలగును. మూడు మూలలను బిగించి అతికించిన పిమ్మట ఆ 4 డిగ్రీలును నాలుగవ మూలలో బయటపడును. చట్రపు చెక్క 50 మిల్లీమీటర్ల వెడల్పు గలదైనచో, ఆ చివరి మూలలో సందు సుమారు 5 మిల్లీమీటర్లు. దానిలో పెన్సిలు మొన దూరును. కనుకనే వట్టి కంటితో గీత గీసి, వట్టి చేతితో రంపము పట్టి కోయుట ఎంతటి నేర్పరికైనను కష్టము. రంపము పక్కలకు ఒరగకుండ దారి చూపు సాధనము కావలెను. చౌకదైనను ఖరీదైనదైనను, మూలకోత సాధనమంతయు ఆ దారి చూపుటకొరకే.

వీనిలో మిక్కిలి సులభమైనది మైటర్ బాక్సు. అది మూతయు, రెండు కొసల గోడలును లేని పొడవైన పెట్టె. అడుగున ఒక పలక, ఇరుప్రక్కల రెండు పలకలు. ప్రక్క పలకలలో కుడివైపునకు ఒకటి, ఎడమవైపునకు ఒకటి, అడ్డముగా ఒకటి చొప్పున రంపము పట్టునంత గాట్లు ఉండును. చెక్కను పెట్టెలో ఒక గోడకు ఆనించి పట్టుకొని, రంపమును గాటులో నడపినచో కోత కోరిన వాలుననే సాగును. ప్లాస్టిక్కుతో చేసిన పెట్టెయు, చిన్న రంపమును కలిపి నేడు సుమారు 400 మొదలు 1,000 రూపాయల వరకు అమ్ముచున్నారు. ఇందలి లోపమొకటి కలదు. చాల పెట్టెలలో గాటు రంపపు మందముకంటె వెడల్పుగా నుండును. రంపము ఆ ఖాళీలో అటునిటు ఊగును. వాడుకలో గాటు అరిగి ఇంకను వెడల్పగును. అప్పుడు పెట్టె దారి చూపుట మాని, దారి తప్పించును.

ఈ పెట్టెను ఇంటిలోనే చేసికొనవచ్చును. గట్టి టేకు గాని, బాగుగా ఎండిన వేరొక గట్టి కఱ్ఱ గాని మూడు పలకలు చాలును. 45 డిగ్రీలు గీయుటకు కోణమానినితో పనిలేదు. పెట్టె వెలుపలి వెడల్పు 100 మిల్లీమీటర్లనుకొందము. మూలమట్టముతో ఒక గోడనుండి రెండవ గోడకు అడ్డముగా నిలువు గీత గీయుడు. అచటినుండి పెట్టె పొడవున సరిగా 100 మిల్లీమీటర్లు కొలిచి రెండవ నిలువు గీత గీయుడు. పైనుండి చూచినచో ఇప్పుడొక చతురస్రము ఏర్పడినది. దాని మూలనుండి ఎదుటి మూలకు గీచిన గీత 45 డిగ్రీలు కాక తప్పదు. ఏ రంపముతో తరువాత పని చేయుదురో ఆ రంపముతోనే గాటు కోయుడు. అప్పుడు గాటునకు రంపము సరిగా సరిపోవును. గాట్లు అరిగినప్పుడు ప్రక్కనే క్రొత్తవి కోసికొనవచ్చును. దీనికయ్యెడి వ్యయము కొలది చెక్కయు, ఒక పూట శ్రమయు మాత్రమే.

పెట్టె ఎంత మంచిదైనను రంపము మంచిది కానిచో ప్రయోజనము లేదు. ఈ పనికి పళ్లు సన్ననివి కావలెను. అంగుళమునకు 12 మొదలు 14 పళ్లు గలది తగినది. రంపపు పైఅంచున ఇత్తడిదో ఉక్కుదో ఒక బిరుసైన పట్టీ ఉండుట మేలు. దానివలన రేకు వంగదు. మన దేశపు పాతకాలపు చేతిరంపములలో అనేకము తనవైపునకు లాగునప్పుడు కోయునట్టివి; వడ్రంగి నేలమీద కూర్చుండి చెక్కను పాదముతో అదిమిపట్టి లాగి కోసెడివాడు. ఐరోపా పద్ధతి రంపములు ముందునకు త్రోయునప్పుడు కోయును. జపాను రంపములు మనవానివలెనే లాగునప్పుడు కోయును. లాగునప్పుడు రేకు బిగిసియుండును గనుక దానిని మిక్కిలి పలుచగా చేయవచ్చును. ఏ రకమైనను మూలకోతకు పనికివచ్చును. చేతికి అలవాటైనదే ఉత్తమము.

రంపము కొనునప్పుడు పళ్ల మొనలను చూడుడు. మొనలు మాత్రము నీలి నలుపు రంగున ఉన్నచో అవి ప్రత్యేకముగా గట్టిపరచిన పళ్లు. అవి చాలకాలము మొద్దుబారవు. కాని మొద్దుబారిన పిమ్మట మామూలు ఆకురాయి వానిపై పనిచేయదు, రంపమును పారవేయవలసినదే. రంగు మారని మామూలు ఉక్కు పళ్లను మూడు పలకల ఆకురాయితో మరల మరల పదును పెట్టించవచ్చును. పదునుపెట్టు పనివాడు దగ్గరలో ఉన్న ఊరిలో రెండవది లాభము. లేని ఊరిలో మొదటిదే లాభము. సాధనపు వెలలో ఇదియు ఒక భాగమని మరువరాదు.

రెండవ తరగతి సాధనము ఇనుప చట్రపు మూలకోత రంపము. పెట్టె గాట్లకు బదులు ఇందులో ఒక పీఠము, దానిపై తిరుగు చేయి, రంపమును నిటారుగా పట్టియుంచు రెండు కడ్డీలు ఉండును. ఈ జాతి సాధనములు క్రొత్తవి కావు. అమెరికాలో లాంగ్డన్ అను పేరిట ఇట్టి మైటర్ బాక్సులు 19వ శతాబ్దమునుండియే ప్రసిద్ధి పొందినవి. నేడు దొరకు చౌక రకములలో సన్నని రేకును చట్రములో బిగించి తంతివలె లాగిపట్టుదురు. చేయి తిరుగు త్రోవలో కొన్ని కోణములయొద్ద అది తనంతట తాను నిలుచును. సాధారణముగా ఆ కోణములు 45, 36, 30, 22.5 డిగ్రీలు. ఈ సంఖ్యలు ఊరక ఏర్పడినవి కావు. నాలుగు మూలల చట్రమునకు 45, అయిదు మూలలకు 36, ఆరు మూలలకు 30, ఎనిమిది మూలలకు 22.5. 180ని మూలల సంఖ్యకు రెట్టింపుతో గాక, 360ని ఆ రెట్టింపుతో భాగించినచో ఈ కోణమే వచ్చును. దీని వెల సుమారు 2,000 మొదలు 5,000 రూపాయలు. విద్యుత్తు అక్కరలేదు, చప్పుడు లేదు, దుమ్ము కొద్ది. అద్దె ఇంటి వసారాలో పనిచేయువారికి దీనిని మించినది లేదని మా అభిప్రాయము.

మూడవది విద్యుత్ మూలకోత రంపము. గుండ్రని పళ్ల చక్రమును మోటారు త్రిప్పుచుండగా, దానిని పిడి పట్టి క్రిందికి దింపి కోయుదురు. దీనిని 1964లో అమెరికాలోని రాక్‌వెల్ కంపెనీ మొదట విపణికి తెచ్చినదని చెప్పుదురు. అంతకు పూర్వము ఇంటి పనులలో మూలకోతలు చాలవరకు చేతిరంపముతోనే సాగెడివి. నేడు మన దేశములో సామాన్యముగా దొరకు చక్రపు వ్యాసము 255 మిల్లీమీటర్లు, అనగా 10 అంగుళములు. పేరులేని సరకు 8,000 నుండి 10,000 రూపాయల ప్రాంతమున మొదలగును. పేరుపొందిన కంపెనీలవి స్థూలముగా 15,000 నుండి 25,000 వరకు ఉండును. చక్రము ముందువెనుకలకు జరుగు రకము 30,000 దాటి ఇంకను పైకి పోవును. ఈ వెలలు ఊరినిబట్టి, కాలమునుబట్టి మారునవే. మేము చెప్పునది ఉజ్జాయింపు మాత్రమే.

ఈ యంత్రమునకు దానితోవచ్చు వెల ఒకటి, వెంటవచ్చు వెల మరియొకటి. కొత్త యంత్రముతో వచ్చు చక్రము తరచుగా 24 లేక 40 పళ్లది. అది మోటు కోతకు చాలును. పటపు చట్రములకు, సన్నని పట్టీలకు 60 మొదలు 80 పళ్ల చక్రము వేరుగా కొనవలెను. ఇంటిలోని చిన్న ప్లగ్గు దీనికి చాలదు. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు గీజరు పెట్టు పెద్ద ప్లగ్గు, సరియైన ఎర్తు తీగ కావలెను. కదలని బల్ల కావలెను. దుమ్మును పట్టు ఏర్పాటు కావలెను. వీని అన్నిటిని లెక్కలో చేర్చనిదే యంత్రపు వెల తెలిసినట్లు కాదు.

ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. 255 మిల్లీమీటర్ల చక్రము నిమిషమునకు 4,800 మార్లు తిరిగినచో, దాని పళ్ల అంచు గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. మీట విడిచిన పిమ్మటను చక్రము కొన్ని క్షణములు తిరుగుచునే ఉండును. చేయి చక్రమునకు కనీసము ఆరంగుళముల దూరమున ఉండవలెను. చిన్న ముక్కను చేతితో పట్టరాదు, బిగింపుతో పట్టవలెను. చేతితొడుగులు, వ్రేలాడు చొక్కా చేతులు, మెడలోని తువ్వాలు పనికిరావు. చక్రము వానిని పట్టుకొనినచో చేతినికూడ లాగుకొనును. కంటికి అద్దములు తప్పవు.

ఐనను సరియైన మూలకోత యంత్రమునకు చక్రముపై కప్పు అయినను ఉండును. దానికంటె భయంకరమైనది వెల తగ్గించుటకై చేయు ఒక ఏర్పాటు. బండలు కోయుటకు ఉద్దేశింపబడిన చిన్న కట్టరు యంత్రము రెండు మూడువేల రూపాయలకు దొరకును. దానికి కఱ్ఱ కోయు పళ్ల చక్రము తగిలించి, కప్పు ఊడదీసి, ఒక ప్లైవుడ్ పలక క్రింద తలక్రిందులుగా బిగించి, పైకి వచ్చిన చక్రముపై చెక్కను త్రోయుట ఎన్నియో పనిచోట్ల కనబడు దృశ్యము. అందు చేతికిని చక్రమునకును నడుమ ఏమియు లేదు. మీట నొక్కియుంచుటకు దారము చుట్టుదురు గనుక ప్రమాదము జరిగిన క్షణమున ఆపుటకు వీలుండదు. వడ్రంగికి వ్రేళ్లే మూలధనము. పదివేలు మిగిల్చి బొటనవ్రేలిని పోగొట్టుకొనినవాడు జీవితాంతము ఆ పదివేలకు వడ్డీ కట్టుచుండును. చేతిలో ధనము లేనప్పుడు చేతిరంపమును పట్టుట సిగ్గు కాదు, అది తెలివి.

కంటికి కనబడని హాని మరియొకటి కలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన గ్రంథములో కఱ్ఱపొట్టును మనుష్యులలో క్యాన్సర్ కలిగించు పదార్థముల మొదటి తరగతిలో చేర్చెను. ముక్కు లోపలి భాగములకు దానివలన కీడు. చేతిరంపము రాల్చు పొట్టు ముతకది, వెంటనే నేలబడును. వేగముగ తిరుగు చక్రము విసరు దుమ్ము మిక్కిలి సన్ననిది, గాలిలో చాలసేపు తేలుచుండును. మూసిన గదిలో, పిల్లలు పరుండు చోట ఈ యంత్రమును నడపరాదు. ముక్కునకు గుడ్డ కట్టుట చాలదు. సన్నని దుమ్మును ఆపు మాస్కు ధరింపవలెను.

ఇక ఎవరికి ఏది తగునో లెక్క చూతము. ఇంటిలో సంవత్సరమునకు రెండు మూడు చట్రములు చేసికొనువారికి ఇరువది నాలుగు కోతలకు మించవు. వారికి చెక్క పెట్టెయు, ఒక మంచి రంపమును చాలును. ఇంటి తలుపులన్నిటికి పట్టీలు వేయదలచినవారు ఇనుప చట్రపు రంపము కొనవచ్చును. పటములు కట్టు దుకాణము సంగతి వేరు. దినమునకు పది చట్రములనుకొందము, కోతలు 80. చేతితో గుర్తుపెట్టి, కోసి, సరిచేయుటకు ఒక్కొక్కదానికి మూడు నిమిషములైనచో నాలుగు గంటలు పట్టును. యంత్రముతో అర నిమిషమైనచో నలువది నిమిషములు. దినమునకు మూడు గంటలకు పైగా మిగులును. అట్టి దుకాణమునకు పాతికవేల యంత్రము ఖర్చు కాదు, ఆదాయము. చేతివృత్తులవారికై 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో వడ్రంగము ఒకటి. అందు పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయమును, అయిదు శాతము వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల అప్పును ఏర్పరచిరి. వృత్తిలో దిగు యువకులు ఈ సంగతిని తెలిసికొనుట మంచిది.

దొరకు చోటుల విషయము. చిన్న ఊళ్ల ఇనుపసామాను దుకాణములలో చేతిరంపములు, ఆకురాళ్లు, మూలమట్టములు దొరకును గాని, మైటర్ బాక్సులు అరుదు. సికింద్రాబాదులోని రాణిగంజివంటి పెద్ద పనిముట్ల బజారులలో మూడు తరగతులును చూచి, చేతపట్టి, బేరమాడి కొనవచ్చును. ఇంటికి తెప్పించుకొను సదుపాయము నేడు పల్లెలకును వచ్చినది. కాని తెప్పించుకొనినవారు సరుకును తిప్పి పంపు గడువులోగా పరీక్షింపవలెను.

పరీక్ష సులభము. ఇరు అంచులు సమానముగానున్న వెడల్పైన చెక్కను ఒకదానిని తీసికొని 45 డిగ్రీలవద్ద కోయుడు. రెండు ముక్కలలో ఒకదానిని బోర్లించి, కోసిన ముఖములను కలిపి, లోపలి మూలలో మూలమట్టము పెట్టుడు. సందు లేక ఆనినచో సాధనము సరియైనది. ఆనకున్నచో కనబడు తప్పు అసలు తప్పునకు రెట్టింపు. సరిచేయు మరలు ఉన్నచో ఆ సగమును సరిచేయవలెను; లేనిచో తిరిగి ఇచ్చివేయవలెను. ఈ పరీక్షకు పట్టునది అయిదు నిమిషములు.

సాధనము కొనిన పిమ్మట చెక్క ఎంత కొనవలెనో కూడ చెప్పుదుము. 400 మిల్లీమీటర్ల పొడవు, 300 వెడల్పు గల పటమనుకొందము. చట్రపు చెక్క వెడల్పు 40, పటము కూర్చుండు లోపలి మెట్టు 6 మిల్లీమీటర్లు. పటము బిగియకుండ 2 మిల్లీమీటర్ల వదులు విడువవలెను. అప్పుడు పొడుగు ముక్కల వెలుపలి కొలత 470, పొట్టి ముక్కలది 370. నాలుగును కలిపి 1,680 మిల్లీమీటర్లు. రంపము తిను పొడి కలుపుకొనినను ఆరడుగుల చెక్క ఒకటి చాలును. ఎదురెదురు ముక్కలు వెంట్రుకవాసి తేడా లేక సమానముగా ఉండవలెను. కొలిచి కాదు, ఒక అడ్డుముక్కను బిగించి దానికి ఆనించి రెండింటిని కోయుడు. కొలత తప్పినచో కోణము సరిగా ఉన్నను మూల విచ్చును.

చివరగా, రంపముపై మోపరాని నింద ఒకటి కలదు. శ్రావణ భాద్రపదములలో చక్కగా అతికిన చట్రము వైశాఖములో విచ్చుట చాల ఇండ్లలో చూచుచుందుము. కఱ్ఱ పొడవున మారదు, అడ్డముగా మారును. తేమకు ఉబ్బినచో మూల వెలుపలి కొసన విచ్చును. ఎండి కుదించినచో లోపలి కొసన విచ్చును. సందు లోపలి కొసన ఉన్నదంటే పచ్చికఱ్ఱను వాడిరన్నమాట. అట్టిచోట అర లక్ష యంత్రమును ఏమియు చేయలేదు. కోసిన ముఖములు జిగురును పీల్చును గనుక మొదట పలుచగా ఒక పూత పూసి ఆరనిచ్చి, పిదప రెండవ పూతతో అతికింపవలెను.

ఎండిన చెక్క, పదునైన పళ్లు, పరీక్షించిన కోణము, ఆనించి కోసిన కొలత. ఈ నాలుగును ఉన్నచోట అయిదు వందల సాధనమును కొలువునకు నిలుచును. లేనిచోట ఎంత వెలగలదైనను సందునే మిగుల్చును.